మొక్కలలోని ద్వారపాలకులు

అఫ్జల్‌గంజ్ అను పేరిలో గంజ్ అను మాట యూరక చేరినది కాదు. అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా ధాన్యపు వర్తకుల కీ చోటిచ్చినందున దీని కీ పేరు వచ్చినది. నేటికిని మూసీ యొడ్డున నిలిచి గాలి పీల్చినచో, బస్సుల పొగల నడుమ కందిపప్పు, ఎండుమిరప, చింతపండు వాసనలు తగులకపోవు. మేము నెలకు ఒకటి రెండు తడవలు ఆ వీథికి పోవుదుము. మా పని పుస్తకములతోడిది. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర స్థాపింపబడి, 1936లో నదియొడ్డునగల నేటి భవనమునకు మాఱి, 1955 నుండి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమని పిలువబడుచున్న పుస్తక భాండాగార మచ్చటనే యున్నది. అందు పాత మాసపత్రికలను తిరుగవేసి, వచ్చునప్పుడు రెండు కిలోల కందిపప్పు కొని తెచ్చుట మా యలవాటు. తాండూరు పప్పే తేవలెనని యింటివారి యాజ్ఞ. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినది మొదలు ప్రతి యంగడివాడును తనది తాండూరిదే యనుచున్నాడు. ఆ నల్లరేగళ్లలో అంత పంట పండుచున్నదా యని యడుగుట మర్యాద కాదు గనుక మేమడుగము.

గడచిన కార్తికమాసమున నొకనాడు గ్రంథాలయము వెడలి వచ్చుచు, ఎరువులు, విత్తనములు, పురుగుమందులు అమ్ము నొక యంగడి మెట్లమీద ఒక రైతు నిలిచియుండుట చూచితిమి. ఆయన చేతిలో తడిగుడ్డ చుట్టిన కందికొమ్మ యున్నది. ఆ కాలమునకు కంది పసుపుపూతతో నిండియుండవలెను. ఆ కొమ్మకు పూవు లేదు, మొగ్గ లేదు. ఆకులు చిన్నవై, లేతపచ్చ ముదురుపచ్చల మచ్చలతో గుబురుగా నున్నవి. చూపునకు అందముగానే యున్నది. తెలియనివాడు చూచినచో ఎంత యేపుగా పెరిగినదో యనును. ఆ పచ్చదనమే దాని రోగము. రైతులలో కొందఱు దీనిని వెఱ్ఱితెగులనియు, కొందఱు గొడ్డుమోతు తెగులనియు పిలుతురు.

అంగడివాడు కొమ్మను తాకి చూడకయే లోపలినుండి ఒక సీసా తెచ్చి బల్లమీద పెట్టి, ఇది వైరసునకు దివ్యమైన మందని చెప్పి, ఎనిమిదివందల రూపాయలడిగెను. రైతు సీసావంక చూచుచునే మాతో ననెను: "మా ఇంటామె ఇనకుంట వాళ్ళక్కను చేన్లకు తోల్కపోయింది సారూ. పెనిమిటి లేని మనిషి కాలు వెట్టినంక పూత యాడికెల్లి వస్తది?" అంగడివాడు నవ్వెను. ఆ నవ్వు అవుననునట్లును లేదు, కాదనునట్లును లేదు. సీసా యమ్ముడుపోయిన చాలుననునట్లుండెను.

ఆ మాట విని ఊరకుండుట మావంటివారికి సాధ్యము కాదు. కారణము చెప్పుదుము. మాకొక మేనత్త యుండెను. పదునాల్గవయేట పెండ్లి, ఇరువదియాఱవయేట వైధవ్యము, బిడ్డలు లేరు. పుట్టింటికి వచ్చి మా తండ్రిగారి సేద్యమును తన సేద్యముగా చూచుకొనెను. ఏ చెలక ఏ కార్తెలో పదునెక్కునో, ఏ యెద్దు కాడి క్రింద మొరాయించునో, ఏ విత్తు మొలచునో ఏది మొలవదో ఆమె కెఱుకయైనంత మా పినతండ్రి కెఱుక లేదు. గొఱ్ఱు వెనుక నడచి విత్తునప్పుడు ఆమె పిడికిలినుండి గింజ లెక్కపెట్టినట్లు జాఱుచుండెను. 1974వ సంవత్సరమున మా కందిచేను కొమ్మలు వేసి, ఆకులు వేసి, పూయక నిలిచిపోయెను. తెగులు పేరే గొడ్డుమోతు. చేను విత్తినది గొడ్రాలు. ఇంక ఊరివారికి తర్కముతో పని యేమి? గొడ్రాలి చేతి విత్తు గొడ్డేయని ఒకరనిరి, నలుగురును తలలూచిరి. మఱుసటి యేడాదినుండి ఆమెను చేనిలో నడుగు పెట్టనీయలేదు.

తరువాతి యిరువది రెండేండ్లు ఆమె గట్టు మీది వేపచెట్టు క్రింద కూర్చుండి కూలివారికి సద్ది పెట్టుచుండెను. గట్టు దిగలేదు. ఆమె గట్టు దిగని సంవత్సరములలోను తెగులు రెండు మూడు మార్లు వచ్చెను. అప్పుడైనను కాళ్లకు తగిలించిన నింద తప్పని యొప్పుకొన్నారా యనిన, లేదు; గట్టుమీది నీడ చేనిపై పడినదనిరి. మూఢనమ్మకమునకు ఒక సౌకర్యము కలదు. అది సరిపడినప్పుడు ఋజువగును, సరిపడనప్పుడు వేఱు రూపము దాల్చును, ఎన్నడును ఓడిపోదు.

ఆమె మాత్రము వేపచెట్టు క్రింద ఊరక కూర్చుండలేదు. చూచుచుండెను. ఒకనాడు మా తండ్రిగారితో ననెను: "తెగులు ఎప్పుడు వచ్చినా తూర్పుదిక్కు గట్టునుంచే మొదలైతది, తమ్ముడా. ఆడ పోయినేటి కందిమోళ్ళు చిగురు పెట్టి ఉన్నయి, చూడు." మా తండ్రిగారు చదువుకొన్నవారే. ఆయనయు ఆ మాటను చెవిని పెట్టలేదు. అత్త 1998లో గతించెను.

ఇప్పుడు శాస్త్రజ్ఞుల సంగతి చెప్పుదుము. ఈ తెగులును మొదట 1931లో బీహారునందలి పూసాలో మిత్రా గారు వర్ణించిరి. ఇది నేలలోని లోపమువలన వచ్చునది కాదని, మొక్కనుండి మొక్కకు అంటునదని తెలిసినది. 1962లో సేత్ గారు దీనిని మోయునది ఒక నల్లి యని కనుగొనిరి. ఆ నల్లి ఆకు అడుగుభాగమున నివసించును. పొడవు మిల్లీమీటరులో నాల్గవ వంతునకు మించదు. దానికి ఱెక్కలు లేవు. గాలి దానిని పొలమునుండి పొలమునకు మోసికొనిపోవును. కాని నల్లి మోసికొనిపోవుచున్న దేమి? ఆ ప్రశ్నకు సమాధానము దొరకుట మఱి నలువది యేండ్లు పట్టినది. మన హైదరాబాదు ప్రక్కనే, పటాన్‌చెరువున 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారును స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞులును కలిసి పనిచేసి 2000 ప్రాంతమున దానిలోని వైరసును పట్టుకొనిరి. ఈ నల్లి, ఈ వైరసు ఒక పంటనుండి మఱియొక పంటకు దాటుటకు ఆధారమేది యనిన, కోతయైన పిదప చిగిర్చిన పాత కందిమోళ్లు, గట్లమీద ఏండ్ల తరబడి నిలిచియుండు కందిచెట్లు. తూర్పుగట్టు! చదువరులారా, మా యత్త చెప్పినమాట శాస్త్రగ్రంథములలో అచ్చుపడియుండగా చదివిన దినమున మాకు కలిగిన సంతోషము ఎటువంటిదో, దానివెంటనే కలిగిన దుఃఖము ఎటువంటిదో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

పేర్లను గూర్చి ఒక మాట. తెగులునకు గొడ్రాలి పేరు పెట్టితిమి. అమెరికానుండి వచ్చి మన పొలములను, రోడ్ల యంచులను ఆక్రమించిన పార్థీనియమను కలుపుమొక్కకు వయ్యారిభామ యని పేరు పెట్టితిమి. 2000వ సంవత్సరమున అనంతపురము జిల్లాలో వేరుసెనగకు కాండము కుళ్లు తెగులు సోకి, సుమారు 2,25,000 హెక్టారులలో పైరు చెడి, మూడువందల కోట్ల రూపాయలకు పైగా నష్టము వాటిల్లినది. అది టొబాకో స్ట్రీక్ అను వైరసు పని. వైరసు వయ్యారిభామ పుప్పొడిలో నుండును. తామరపురుగులు ఆ పుప్పొడిని మోసికొని వచ్చి వేరుసెనగ ఆకును గీఱినప్పుడు గాయములోనికి దిగును. పురుషుల పేర్లు గల తెగుళ్లు, కలుపులు తెలుగులో ఎన్ని గలవో లెక్కింపవలయునని మా కోరిక. వ్యాసము దారి తప్పుచున్నది, తిరిగి వత్తము.

ఆ రైతు సీసాను కొనక ముందు మమ్మొక ప్రశ్న యడిగెను. పురుగునకు మందున్నది, బూజునకు మందున్నది, దీనికి మందేల లేదు? మంచి ప్రశ్న. వైరసు పురుగువలె తినదు, బూజువలె పెరుగదు, ఊపిరి తీయదు. పొగాకు మొక్కలకు వచ్చు పచ్చమచ్చల తెగులు రసమును బాక్టీరియములు దాటరాని పింగాణీ జల్లెడలో వడియగట్టినను రోగము అంటుచునే యున్నదని 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ చూచెను. 1898లో హాలండులో బెయెరింక్ దానిని ప్రాణముగల అంటుద్రవమని తలచెను. 1935లో అమెరికాలో స్టాన్లీ దానిని చక్కెర పలుకులవలె స్ఫటికములుగా విడదీసి చూపెను. స్ఫటికము చావదు, విషము మ్రింగదు. వైరసు అనగా కొద్దిపాటి వ్రాత, దాని చుట్టును మాంసకృత్తుల సంచి. అది మొక్క కణములోనికి చొచ్చి ఆ కణపు పనివారిచేతనే తన ప్రతులను వ్రాయించుకొనును. దానిని చంపవలెనన్న కణమును చంపవలెను. కనుక రైతు చల్లు మందులు చేయగలిగినది మోయు పురుగును చంపుటయే. పైరులోనికి దిగిన వైరసును చంపు మందు అంగళ్లలో లేదు. ఉన్నదని సీసామీద వ్రాసియున్నచో, వ్రాసినవాడు సిరామాత్రమే ఖర్చు పెట్టినాడని తెలియవలెను.

అయినచో మొక్క తనంతట తాను చేయునదేమియు లేదా? కలదు, ఈ వ్యాసమునకు మూలమదియే.

హైదరాబాదు పాతనగరమునకు చుట్టును రాతిగోడ యుండెడిది. గోడకు దర్వాజాలు, వాని నడుమ చిన్న ఖిడ్కీలు, వానిదగ్గఱ కావలివాండ్రు. వంతెన దాటగానే ఎదురుపడుచుండిన అఫ్జల్ దర్వాజా ఇప్పుడు లేదు; పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రము నిలిచియున్నవి. మొక్క కణమును ఇట్టి కోటతో పోల్చవచ్చును. వెలుపల కణకవచము, అనగా నారతో కట్టిన గట్టిగోడ. దాని లోపల గోడకు అంటుకొని కణత్వచమను పలుచని పొర. పొర మందము మిల్లీమీటరులో లక్షవ వంతుపాటిది. అది రెండు వరుసల క్రొవ్వుతో చేయబడినది. ఆ క్రొవ్వులో, మూసీలో తేలు పుట్టివలె, మాంసకృత్తులు తేలుచు కదలుచుండును. 1972లో సింగర్, నికల్సన్ అనువారు పొర గట్టి గోడ కాదనియు, ఇట్టి కదలెడి నేల యనియు నిరూపించిరి. ఆ మాంసకృత్తులలో కొన్ని తలుపులు, కొన్ని నీటితూములు, కొన్ని చెవులు, కొన్ని కావలివాండ్రు.

మన శరీరములలో వైరసు ఈ పొరనే మోసగించి లోనికి వచ్చును. 2020లో మన యిండ్ల తలుపులు మూయించిన కరోనా వైరసు మన కణములపైనున్న ఏస్2 అను మాంసకృత్తును పట్టుకొని లోనికి దూఱుచుండెను. మొక్కకు గోడ యుండుటచేత వైరసునకు ఆ యుపాయము చెల్లదు. అది తెల్లదోమ సూదిమూతిలోనో, నల్లి ముల్లులోనో, కొడవలి గాయములోనో కూర్చుండి గోడను పొరను ఒక్కసారిగ దాటును. కావున మొక్క మొదటి కణము పోయినట్లే. యుద్ధమంతయు రెండవ కణము దగ్గఱ జరుగును.

మొక్క పరుగెత్తలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీ పొంగి అఫ్జల్‌గంజును ముంచినప్పుడు ఆసుపత్రి తోటలోని చింతచెట్టును పట్టుకొని నూటయేబది మందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని మనము పిల్లలకు చెప్పుదుము. చెట్టునకు మాత్రము ఎక్కుటకు మఱియొక చెట్టు లేదు. ఉన్నచోటనే నిలిచి, ఒక్కొక్క కణమును కాపాడుకొనవలసినదే.

కణమునకు కణమునకు నడుమ గోడలలో సన్నని సొరంగములు గలవు. 1879లో ఎడ్వర్డ్ టాంగల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ముష్టిగింజల పలుచని పొరలలో వీనిని మొదట చూచెను. శాస్త్రజ్ఞులు వీనిని ప్లాస్మోడెస్మాటా యందురు, మనము ఖిడ్కీలందము. ఒక కణపు పొర ఈ ఖిడ్కీగుండ ప్రక్క కణపు పొరతో నెడతెగక కలిసియుండును. చక్కెర, నీరు, చిన్న చిన్న కబుర్లు దీనిగుండ పోవుచువచ్చుచు నుండును. పొగాకు వైరసు ఒక కఱ్ఱ. పొడవు 300 నానోమీటరులు, లావు 18. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఖిడ్కీలో మామూలుగా మిగిలియుండు సందు ఇంతటి కఱ్ఱకు చాలదు. అందుచే వైరసు తనవెంట ఒక దూతను తెచ్చుకొనును. ఆ దూత ఖిడ్కీని వెడల్పు చేయును.

ఇక్కడ కావలివాండ్రను చూడుడు. బంగాళాదుంప, టమాటా, మిరప, వంకాయ, పొగాకు ఒక్క కుటుంబము. ఈ కుటుంబపు మొక్కల కణత్వచపు లోపలివైపునను, ఖిడ్కీలయొద్దను రెమోరిన్ అను మాంసకృత్తు గుంపులుగ చేరియుండును. పెద్ద చేపలకును ఓడలకును అంటుకొని పోవు రెమోరా యను చేప పేరిట దీనికీ పేరు పెట్టిరి. 2009లో ఫ్రాన్సునందలి బోర్డో నగరపు శాస్త్రజ్ఞులు బంగాళాదుంపకు సోకు ఎక్స్ వైరసుమీద పరీక్ష చేసిరి. రెమోరిన్ అధికముగ నుండునట్లు చేసిన మొక్కలలో వైరసు కణమునుండి కణమునకు మెల్లగ ప్రాకెను. తక్కువగ నుండునట్లు చేసిన మొక్కలలో వేగముగ ప్రాకెను. రెమోరిన్ వైరసు దూతనే పట్టుకొనుచున్నదని కూడ తెలిసినది. పట్టుకొనుటతో పని తీఱదు. పొరలోనే యుండు మఱికొన్ని మాంసకృత్తులు కాలోజ్ అను ఒకవిధమైన పిండిపదార్థమును నేసి ఖిడ్కీ మెడచుట్టును బిరడావలె బిగించును. కావలివాడు కేకవేయుట, పనివాడు తలుపు బిగించుట. వైరసులలో కొన్ని ఆ బిరడాను కరగించు కిటుకులు నేర్చినవి. ఎవ్వరు ముందుగా చేరుదురో వారిదే గెలుపు.

ఇంతకంటె వింతయైన కావలివాడు మఱియొకడు. తెల్లదోమ మోయు వైరసుల కులమొకటి కలదు. మన మినుము, పెసర చేలను పసుపు చీరవలె చేయు పల్లాకు తెగులు, టమాటా ఆకును ముడుచు తెగులు ఈ కులములోనివే. వీనిలో అనేకములు తమ వ్రాతను రెండు ముక్కలుగ చేసి మోయును. ఈ వైరసు కణపు కేంద్రకములో తన ప్రతులను వ్రాయించుకొని, ఆ ప్రతులను వెలుపలికి మోయుటకు ఒక బంట్రోతును నియమించుకొనును. బ్రెజిలు దేశపు వీసోసా విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ ఫాంటెస్ అను విదుషీమణియు ఆమె తోడి పరిశోధకులును 2004లో ఒక సంగతి ప్రకటించిరి: ఈ బంట్రోతు పోయి పట్టుకొనునది పొరలోనున్న నిక్1 అను ఒక మాంసకృత్తునట! దానికి ఒక తల వెలుపల, ఒక కాలు లోపల. వెలుపలి తల వినును, లోపలి కాలు కదలును.

దొంగ ఒక కావలివాని నోరు నొక్కినాడనిన, ఆ కావలివాని నోట ప్రమాదమైన మాట యేదో యుండవలెను గదా. ఏ మాట యని పదునొకండేండ్లు వెదకిరి. 2015లో సమాధానము దొరకెను. నిక్1 మేల్కొన్నప్పుడు తనమీద తానే, 474వ స్థానమునందు, ఒక ముద్ర వేసికొనును. ఆ ముద్రతో కబురు ఒకరినుండి ఒకరికి చేరి కేంద్రకమునకు పోవును. అచ్చట మాంసకృత్తులను తయారుచేయు కార్ఖానాలకు కావలసిన సరంజామా తగ్గింపుమని యుత్తరువు వెలువడును. కణమంతటను మాంసకృత్తుల తయారి తగ్గును. వైరసునకు సొంత కార్ఖానా లేదు. అంగళ్లు మూసియుండగా దానికి సరకు దొరకదు. పాతనగరమున కర్ఫ్యూ దినములు చూచినవారికి దీనిని విడమఱచి చెప్ప నక్కఱలేదు. వైరసు బంట్రోతు నిక్1ను పట్టుకొని నొక్కుట ఈ కర్ఫ్యూ కేక వినబడకుండుటకే. బ్రెజిలువారు ఆ 474వ స్థానమున ముద్ర ఎప్పుడును వేసియున్నట్లే తోచునట్లు మార్పు చేసి టమాటాలో పెట్టిరి. దొంగ నోరు నొక్కినను కేక ఆగలేదు. ఆ మొక్కలు ఈ కులపు వైరసులలో ఒకదానికే కాక పెక్కింటికి ఓర్చినవి.

కర్ఫ్యూకు వెల కలదు. దొంగకే కాదు, ఇంటిలోని పిల్లలకు కూడ పాలు దొరకవు. నిక్1 వైరసులను అడ్డగించుచునే బాక్టీరియములమీది కావలిని కొంత సడలించుచున్నదని 2019లో తేలినది. ఒక దర్వాజాకు బలగము పంపినచో మఱియొక దర్వాజా పలుచబడును. అందువలన ఇట్టి మార్పులు చేసి రేపే రైతున కిచ్చెదమనువారి మాటలకు మేము తొందరపడి చప్పట్లు కొట్టము.

పొరలోని మాంసకృత్తులన్నియు వీరులని తలపరాదు. ఇంటిదొంగలును కలరు. పొగాకు వైరసు కులమువారు తమ ప్రతులు వ్రాయుటకు కణము లోపలి పొరలమీద నొక పీట వెదకుకొందురు. ఆ పీట వేయునది టామ్1 అను మాంసకృత్తు. దీనిని 2000వ సంవత్సరమున జపానుదేశపు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. తరువాత టమాటాలో ఇటువంటి పీటలను తీసివేసి చూడగా, పాశ్చాత్యదేశముల టమాటా తోటలను ఇటీవల గడగడలాడించుచున్న మచ్చల వైరసు నిలువ నీడలేక పోయెను. కావలివానిని పెంచుట ఒక యుపాయము, అతిథికి పీట వేయకుండుట మఱియొక యుపాయము. మా యమ్మమ్మకు రెండవదియే నచ్చియుండెడిది.

కణములోపల వైరసు వ్రాతను పట్టి ఇరువది యొకటి, ఇరువది రెండు అక్షరముల తునకలుగ కత్తిరించు మఱియొక సేన కలదు. పొరమీది కొన్ని మాంసకృత్తులు ఆ తునకల కబురును ప్రక్క కణములకు చేరవేయుటకు తోడ్పడుచున్నవనియు, ఒక టమాటా వైరసు సరిగా ఆ పొరకే తన మనిషిని పంపి కబురు నాపుచున్నదనియు 2018లో వెల్లడియైనది. దానిని గూర్చి మఱియొకప్పుడు వ్రాయుదుము.

ఇదంతయు రైతునకు చెప్పితిమా? మెట్లమీద నిలిచి ఇంత చెప్పుట సాధ్యము కాదు. సొరంగములు, బిరడాలు, కర్ఫ్యూ అను మూడుమాటలు చెప్పితిమి. కర్ఫ్యూ ఆయనకు నచ్చినది. పిదప అంగడివానిని, సీసామీద ఏమందు వ్రాసియున్నదో చదువుమంటిమి. ఆయన కండ్లద్దములు ఇంట మఱచి వచ్చితిననెను. మా యద్దములతో మేమే చదివితిమి. మొక్కకు బలమిచ్చునని యున్నది, కొన్ని ధాతువుల పేర్లున్నవి. వైరసునకు మందని సీసాపై ఎక్కడను లేదు, అంగడివాని నోటనే యున్నది. ఎనిమిదివందలు రైతు జేబులోనే నిలిచెను. అంగడివాడు మమ్మింకెన్నడును కూర్చుండుమనలేదు.

వదినెగారి కాలిమాట మాత్రము ఎనిమిదివందలవలె తేలికగా తీఱలేదు. రైతు చెడ్డవాడు కాడు. ఆయనకు నష్టము వచ్చినది. నష్టమునకు ఎవరో ఒకరు కారణము కావలెను. కంటికి కనబడని నల్లిని, నల్లికంటె వేలరెట్లు చిన్నదియైన వైరసును నిందించుటకంటె, కంటికి కనబడు దిక్కులేని స్త్రీని నిందించుట సులభము. ఆమె ఎదురు చెప్పదు. తిండి పెట్టుచున్నవారి యింటిలో ఎదురు చెప్పుటెట్లు? మైలదినములలో స్త్రీలు తమలపాకు తోటలోనికి పోరాదనుటయు, తీగలు వాడుననుటయు మన తల్లులు విన్నమాటలే. చదువుకొన్న యిండ్లలోను ఈ మాట పూర్తిగా చావలేదు; బాల్కనీలోని తులసికుండీ దగ్గఱ ఇప్పటికిని వినబడుచున్నది. పొగాకు వైరసు కులము చేతులనుండి అంటుననుట నిజము. కాని అది బీడీ చుట్టిన చేతినుండి, చుట్ట నలిపిన చేతినుండి, రోగపుమొక్కను తాకిన కడుగని చేతినుండి అంటును. ఆ చేయి ముత్తైదువదా, కాదా యని వైరసు అడుగదు. తోటమాలి చేతులు సబ్బుతో కడుగవలయునను నియమమును పెట్టువారి యెడ మాకెంతయో గౌరవము. ఆ నియమమునకు మగవారిని మినహాయించిన ఇంటిని మాత్రము మేమెఱుగుదుము.

మేమాయనను ఒక్కటి యడిగితిమి. మీ వదినెగారు పోని ప్రక్కవారి చేనిలో తెగులున్నదా? ఉన్నదనెను. మీ చేనిలో ఏ దిక్కున మొదలైనది? ఆయన కొంతసేపు ఆలోచించి, వాగు వైపున, పాత చెట్లున్న దిక్కున అనెను. ఆ పాతచెట్లు కందివేనా? కందివే, పెరటిలో పచ్చికాయల కొఱకు మూడేండ్లనుండి ఉంచుకొన్నవి. ఇంతకు మించి మేము ప్రశ్నింపలేదు. ఆయన తడిగుడ్డను మరల కొమ్మకు చుట్టి, ఆ చెట్లను తీసివేసినచో ఇంటామె పోట్లాడునేమో యనెను. పచ్చికందికాయలు ఉడికించి పెట్టుట ఆమెకు ప్రియమట.

మా యూరిలో ఇప్పుడు సేద్యము చూచునది మా తమ్ముని కోడలు. వ్యవసాయకళాశాలలో చదువలేదు, డిగ్రీవఱకు చదివినది. ఎండుతెగులునకును గొడ్డుమోతు తెగులునకును ఓర్చునని పేరుపొంది 1993లో విడుదలయైన ఆశ యను కంది రకమును ఆమె కొన్నేండ్లుగ వేయుచున్నది. ఓర్చుట అనగా తెగులే రాకుండుట కాదని, నల్లి ఉన్నచోట అక్కడక్కడ ఒక్కొక్క మొక్క చెడుచునే యుండునని, అట్టిది కనబడగానే పెరికి కాల్చివేయవలెనని ఆమె కూలివారికి చెప్పి చూపును. తూర్పుగట్టు మోళ్లను పోయిన వేసవిలో పెరికించినది. వేపచెట్టు అచ్చటనే యున్నది. మధ్యాహ్నము సద్ది అక్కడనే తిందురు. విత్తు దినమున గొఱ్ఱు వెనుక నడచుటకు చేయి తిరిగినవారు ఊరిలో ఇద్దఱే మిగిలిరి. వారిలో పెద్దామెను, మనుమలు లేరని ఊరివారు విత్తుటకు పిలువని ముసలామెను, ఆమె తానే ఇంటికి పోయి బండిమీద ఎక్కించుకొని వచ్చినది.